రాత క్లాసులో పిల్లల చేత రాయించే వస్తువులు: ఏవి పనికొస్తాయి, ఏవి అటకెక్కుతాయి

రాత క్లాసులో చాలామంది పిల్లలకి రాయడం రాక కాదు, మొదలుపెట్టడం దగ్గరే ఆగిపోతారు. టాపిక్ బోర్డు మీద పడగానే నలుగురు గబగబా అందుకుంటారు. ఓ పదిమంది తేదీ వేసి, మార్జిన్ గీసి, హెడింగ్ కింద రెండు గీతలు కొట్టి, వాటికి రంగు కూడా వేస్తారు. మిగతావాళ్లు పెన్సిలు చెక్కుతారు. ఈ చెక్కుడు జబ్బుకి మందులంటూ బోలెడు వస్తువులు, యాప్‌లు అమ్మకానికి ఉన్నాయి. వాటిలో అయిదింటిని ఇక్కడ తూకం వేస్తున్నాం: మినీ వైట్‌బోర్డు, కథ పాచికలు, స్టికీ నోట్లు, గూగుల్ డాక్స్, ప్యాడ్‌లెట్. చివర్లో టైమర్ గురించి నాలుగు ముక్కలు.

కొలతలు రెండే. పని చెప్పాక క్లాసులో చివరి కలం కదలడానికి ఎంతసేపు పట్టింది అన్నది ఒకటి. మొదటి కలం లెక్కలోకి రాదు, అది ఏ వస్తువూ లేకపోయినా కదులుతుంది. రాసినదాన్ని టీచరు కాక ఇంకొకరు, అదీ ఆ పీరియడ్‌లోనే, చదివారా అన్నది రెండోది. "పిల్లలు బాగా ఎంజాయ్ చేశారు" అనే మాటకి మార్కులు లేవు. పాచికలు దొర్లిస్తే ఎవరైనా ఎంజాయ్ చేస్తారు, ఆ తర్వాత ఒక్క ముక్క రాయకపోయినా సరే. లెక్కలన్నీ 36 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్ అనుకుని వేసినవి.

మినీ వైట్‌బోర్డు

ఇది మన పలకే. నలుపు బదులు తెలుపు, బలపం బదులు మార్కర్. ఏ4 సైజు బోర్డు, డ్రై ఎరేజ్ మార్కర్, తుడవడానికి ఓ గుడ్డముక్క, అంతే సరంజామా. ముందు ఏది కొనాలి అంటే ఇదే.

నోట్‌బుక్‌లో రాయడానికి పిల్లలు జంకేది తప్పు రాస్తామని కాదు, రాసిన తప్పు అక్కడే ఉండిపోతుందని. బోర్డు మీద అది ఒక్క తుడుపుతో పోతుంది. పైగా బోర్డు చిన్నది కాబట్టి పని కూడా చిన్నదే అని చూడగానే తెలుస్తుంది. "ఒక పేజీ రాయండి" అంటే పెన్సిలు చెక్కే పిల్లాడు, "ఒక్క వాక్యం" అంటే రాసేస్తాడు. ఇక టీచరుకి లాభం వేరే ఉంది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మించి ఆగరని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవవుతాయని, ఎక్కువమంది నోరు విప్పుతారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించింది. నోటి ప్రశ్నకి ఎప్పుడూ ఆ ముగ్గురే చెయ్యెత్తుతారు. బోర్డులు ఎత్తిస్తే 36 జవాబులూ పది సెకన్లలో కళ్లబడతాయి.

కిటుకంతా వాడే పద్ధతిలో ఉంది. ముందు చప్పటి వాక్యం ఒకటి ఇవ్వండి: "రవికి భయం వేసింది." భయం అన్న మాట లేకుండా భయం కనిపించేలా దాన్ని తిరగరాయమనండి. 90 సెకన్లు టైమివ్వండి. రాసేసినవాళ్లు బోర్డుని గుండెకి ఆనించి పట్టుకోవాలి, ఎత్తకూడదు. "మూడు, రెండు, ఒకటి, చూపించండి" అన్నాకే అందరూ ఒక్కసారిగా గడ్డం కిందకి ఎత్తాలి. ఈ క్రమం తప్పిందా, ముందే ఎత్తినవాళ్లని చూసి వెనకవాళ్లు కాపీ కొట్టేస్తారు. 36 జవాబులు కాస్తా నాలుగవుతాయి.

ఎత్తాక ఏం వస్తాయో ముందే చెప్పొచ్చు. సగంమంది "రవి వణికిపోయాడు" అంటారు. ఇంకొందరు "రవి గుండె దడదడలాడింది, చెమటలు పట్టాయి" అంటారు. ఇద్దరో ముగ్గురో "రవి తలుపు గడియ వేశాడు. పడుకున్నాడు. లేచి వెళ్లి గడియ మళ్లీ చూసుకున్నాడు" లాంటిది రాస్తారు. మొదటి రకాన్ని తప్పు అనకండి. ఒక మొదటి రకం బోర్డుని, ఒక మూడో రకం బోర్డుని పక్కపక్కన నిలబెట్టి తేడా ఏమిటని క్లాసునే అడగండి. "దీంట్లో రవి ఏదో చేస్తున్నాడు టీచర్" అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. అది వచ్చిన మరుక్షణం అందరి చేతా బోర్డు తుడిపించి, అదే వాక్యాన్ని మళ్లీ రాయించండి. ఈ రెండో రౌండు చాలా క్లాసుల్లో ఎగిరిపోతుంది, టైము లేదని. కానీ నేర్చుకునేది అక్కడే. మొదటి రౌండుతో ఆపేస్తే అది బోర్డులెత్తే ఆట.

రాసింది తుడుచుకుపోవడమే దీని బలహీనత. పీరియడ్ చివరి అయిదు నిమిషాల్లో, తాను రాసినవాటిలో మంచి వాక్యం ఒకటి నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోమని చెప్పకపోతే మర్నాటికి ఏమీ మిగలదు.

ఇక వస్తువు సంగతి. మెలమైన్ పూత బోర్డులు తేలిక, చవక. కానీ పూత అరిగేకొద్దీ కంటికి కనపడని రంధ్రాల్లోకి సిరా దిగి, తుడిచినా నీడలా కనిపిస్తూనే ఉంటుంది. పోర్సిలిన్ ఎనామెల్ వేసిన స్టీలు బోర్డుకి ఆ బాధ లేదు, ఏళ్ల తరబడి మన్నుతుంది. అయితే బరువు, 36 బోర్డులు ఒక చేత్తో మోయలేరు. కిందపడితే అంచు పెచ్చు లేస్తుంది. పలచటి ప్లాస్టిక్ షీటు రకం వద్దే వద్దు, ఒళ్లో పెట్టుకుని రాస్తే వంగిపోతుంది. ఒకవైపు గీతలు, రెండోవైపు ఖాళీ ఉన్న మెలమైన్ బోర్డు క్లాసుకి సరిపోతుంది. అసలు ఖర్చే వద్దనుకుంటే ఫైళ్లలో పెట్టే పారదర్శక ప్లాస్టిక్ కవరులో మందపాటి తెల్ల అట్ట దూర్చండి. కవరు నున్నగా, మెరుస్తూ ఉండాలి. గరుకు కవరు మీద మార్కర్ సరిగ్గా తుడుపుకి రాదు. ఇందులో ఇంకో సౌకర్యం ఉంది: అట్ట బదులు గీతల కాగితమో, కథ ప్లాను గడులో పెడితే దానిమీదే రాసి తుడుచుకోవచ్చు.

అసలు తంటా బోర్డుతో కాదు, మార్కర్లతో. డ్రై ఎరేజ్ సిరాలో రంగు, త్వరగా ఆరిపోయే ఆల్కహాల్ జాతి ద్రావకంతో పాటు జిడ్డులాంటి జారుడు పదార్థం కూడా ఉంటుంది. ద్రావకం ఆరాక రంగు ఆ జారుడు పొర మీద నిలుస్తుంది గానీ బోర్డుని కరచుకోదు. అందుకే పొడిగుడ్డకి వచ్చేస్తుంది. వారం పాటు తుడవకుండా వదిలేస్తే మొండికేస్తుంది. అప్పుడు గోటితో, బ్లేడుతో గీకకండి, పూత పోతుంది. పాత గీత మీదే కొత్తగా మార్కర్ రుద్ది, తడి ఆరకముందే తుడిస్తే కొత్త ద్రావకం పాతదాన్ని కూడా కరిగించి లేపేస్తుంది. పర్మనెంట్ మార్కర్‌తో రాసేసిన పొరపాటుకి కూడా ఇదే చికిత్స.

మొన గుండ్రంగా, సన్నగా ఉన్నవి కొనండి. ఉలి మొన మార్కర్లు గోడ బోర్డుకి. ఏ4 బోర్డు మీద వాటితో "రాష్ట్రం" రాయమంటే కింద వొత్తు, పక్క వొత్తు, పక్కనే సున్నా అన్నీ కలిసి ఒకే మచ్చ అవుతాయి. తెలుగు రాతకి ఇంగ్లీషు కంటే వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. అందుకే ఒక బోర్డు మీద 25 మాటలకి మించి పట్టించాలని చూడొద్దు. మార్కర్లు పడుకోబెట్టి దాచండి. మొన పైకి పెట్టి నిలబెడితే సిరా కిందకి దిగి మొన ఎండిపోతుంది, తలకిందులుగా పెడితే కారుతుంది. 36 మందికి 42 మార్కర్లుండాలి. ఆ ఆరు లేకపోతే "టీచర్, నాది రాయట్లేదు" అన్న కేక ప్రతి రౌండులోనూ వినిపిస్తుంది. మూత పెట్టేటప్పుడు టక్కుమనాలి, ఆ చప్పుడు వచ్చేదాకా నొక్కడం మొదటిరోజే నేర్పండి.

చివరి కలం రెండు నిమిషాల్లోపే కదులుతుంది. ఎదుటివాళ్లు చదవడం కూడా జరుగుతుంది, చూపుకి అందినంత మేరకి. పేరాకి, వ్యాసానికి ఇది పనికిరాదు. అయిదుకి నాలుగున్నర.

కథ పాచికలు

వీటిలో పేరున్నవి రోరీస్ స్టోరీ క్యూబ్స్, ఉత్తర ఐర్లండ్‌కి చెందిన రోరీ ఓకానర్ తయారుచేసినవి. పెట్టెలో 9 పాచికలు, 54 బొమ్మలు. తొమ్మిదీ దొర్లిస్తే పడగల వరసలు 1,00,77,696. అక్షరం ఒక్కటీ ఉండదు కాబట్టి ఏ భాష క్లాసులోనైనా వాడొచ్చు.

అసలు ఆట ఏమిటంటే తొమ్మిదీ దొర్లించి, పడ్డ బొమ్మలన్నీ వచ్చేలా కథ చెప్పడం. ఇంట్లో నలుగురు కూర్చుని ఆడుకోవడానికి అది బాగుంటుంది. రాత క్లాసులో మాత్రం అదే కొంప ముంచుతుంది. "ఒక గొర్రె ఉంది. దానికి తాళంచెవి దొరికింది. తర్వాత విమానం వచ్చింది. తర్వాత అది ఎక్కింది. తర్వాత..." బొమ్మకొక వాక్యం వచ్చి పడుతుంది. తొమ్మిది బొమ్మలనీ ఎలాగోలా ఇరికించాలన్న తొందరలో పిల్లలు ఏదీ ఎందుకు జరిగిందో చెప్పరు. పేజీ నిండుతుంది గానీ అది కథ కాదు, సామాన్ల పట్టీ.

మూడు పాచికలు చాలు. ఒక్కో పాచికకి ఒక్కో పని అప్పగించండి. మొదటిది ఎవరికో కావలసింది. రెండోది దానికి అడ్డం పడేది. మూడోది చివరికి మారిపోయేది. తాళంచెవి, గొర్రె, ఫోను పడ్డాయనుకోండి. తాళంచెవి కావాలి, సరే, ఎవరికి, ఎందుకు? గొర్రె దానికి ఎలా అడ్డం? అక్కడే గుంపులో వాదన మొదలవుతుంది. "మింగేసిందిరా" అంటాడొకడు. ఇక కథ దానంతటదే నడుస్తుంది. దీనికి ఇంకో నియమం జోడించండి: "తర్వాత" అన్న మాట కథ మొత్తంలో ఒక్కసారే వాడాలి. "అందుకని", "కానీ", "అయినా" ఎన్నిసార్లయినా వాడొచ్చు. ఈ చిన్న నిషేధమే పిల్లల చేత కారణాలు రాయిస్తుంది.

నలుగురేసి 9 గుంపులు, గుంపుకి 3 పాచికలు, మొత్తం 27. అంటే మూడు పెట్టెలు కొంటే క్లాసంతటికీ సరి. దొర్లించడానికి ఒక నిమిషం, మాట్లాడుకోవడానికి మూడు నిమిషాలు, రాయడానికి పన్నెండు. మాట్లాడుకోవడం గుంపులో, రాయడం ఎవరికి వాళ్లే. గుంపుకి ఒక్క కాగితం ఇచ్చారో, ఒకరు రాస్తారు, ముగ్గురు పాచికలాడతారు. నచ్చలేదని మళ్లీ మళ్లీ దొర్లించే జబ్బు కూడా ఉంటుంది: ఒక్క పాచికని, ఒక్కసారి మార్చుకోవచ్చు, అంతకు మించి లేదు. చెక్క బల్లల మీద 27 పాచికల చప్పుడు మామూలుగా ఉండదు. అట్టపెట్టె మూతలో గుడ్డ పరిచి అందులో వేయమనండి. చప్పుడూ తగ్గుతుంది, కింద పడి బల్లల కింద దూరడాలూ తగ్గుతాయి.

నిజానికి కొనడం కంటే చేయించడం మేలు. మందపాటి కాగితం మీద 4 సెంటీమీటర్ల చదరాలు ఆరు శిలువ ఆకారంలో గీసి, అతికించడానికి ఏడు రెక్కలు వదిలి కత్తిరిస్తే ఒక పాచిక. అతికించేముందు లోపల నలిపిన కాగితం కూరండి, లేకపోతే రెండో రోజుకే అణిగిపోతాయి. బొమ్మల బదులు పిల్లల చేతే క్రియలు రాయించండి: దాచాడు, ఒప్పుకోలేదు, వెనక్కి తిరిగింది. వస్తువుల బొమ్మల కంటే క్రియల పాచిక కథని బాగా తోస్తుంది.

ఇది కథకే. ఉత్తరానికి, వ్యాసానికి, నివేదికకి దీంతో పని లేదు. నాలుగోసారికి కొత్త మోజు కూడా తగ్గుతుంది, నెలకి రెండుసార్లు మించొద్దు. ఇంకో లోటేమిటంటే రాసినదాన్ని ఇంకొకరు చదివే ఏర్పాటు ఇందులో ఏమీ లేదు, అది మనమే చెయ్యాలి. అయిదుకి మూడు.

స్టికీ నోట్లు

అంటీ అంటని ఈ జిగురు 1968లో 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ చేతిలో పుట్టింది. గట్టి జిగురు కోసం వెతుకుతుంటే ఇది తయారైంది. దానికో పని దొరికి, అమెరికా అంతటా అమ్మకానికి వచ్చేసరికి 1980 అయింది. గట్టిగా అంటుకోకపోవడమే రాత క్లాసులో దీని గుణం. ఎర్రసిరాతో దిద్దితే నోట్‌బుక్ జీవితాంతం మోస్తుంది. స్టికీ నోటు మీద రాసిన మాట నచ్చితే ఉంచుకోవచ్చు, పని అయిపోతే పీకేయొచ్చు. పీకేయొచ్చని తెలిసిన పిల్లలు నోట్‌బుక్ ఎదుటివాళ్ల చేతికి ఇవ్వడానికి అంత మొహమాటపడరు.

3 అంగుళాల చదరం నోట్లు తీసుకోండి, చిన్నవి వద్దు. నోట్‌బుక్‌లు మార్చుకున్నాక చదివినవాళ్లు రెండే నోట్లు అతికించాలి. మొదటి నోటు మీద, చదివినదాంట్లో మనసులో ఉండిపోయిన వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయాలి. రెండో నోటు మీద, చదివాక మిగిలిపోయిన ఒక ప్రశ్న. "బాగుంది", "సూపర్", "ఇంకా బాగా రాయాలి" మూడూ నిషేధం. "బస్సు దిగాక నీకోసం ఎవరూ రాలేదా?" లాంటి ప్రశ్న చాలు. 1983లో పిల్లల రాత మీద పరిశోధన చేసిన డొనాల్డ్ గ్రేవ్స్, జేన్ హాన్సన్ వివరించిన రచయిత కుర్చీ పద్ధతిలోనూ క్రమం ఇదే: పిల్లాడు కుర్చీలో కూర్చుని తన రాత చదువుతాడు, విన్నవాళ్లు ముందు తమకి వినిపించిందేమిటో చెప్పి, ఆ తర్వాతే ప్రశ్నలు అడుగుతారు. స్టికీ నోటు ఆ పనిని 36 మంది చేతా ఒకేసారి చేయిస్తుంది.

చాలా క్లాసుల్లో ఇక్కడితో ఆగిపోతుంది. నోట్‌బుక్ తిరిగొస్తుంది, నోటు చూసి నవ్వుకుంటారు, మూసేస్తారు. తిరిగొచ్చాక కచ్చితంగా అయిదు నిమిషాలు ఇచ్చి, ఆ ప్రశ్నకి జవాబుగా రెండు వాక్యాలు కథలోనే కలపమనండి. ఎక్కడ కలపాలో వాళ్లే వెతుక్కోవాలి. కలిపాక ఆ నోటుని చివరి పేజీకి మార్చాలి. నెల తిరిగేసరికి చివరి పేజీ తిప్పితే ఎన్ని ప్రశ్నలకి జవాబు రాశారో తెలిసిపోతుంది. స్నేహితులకే ఇచ్చుకోకుండా ముందు వరసవి వెనక వరసకి వెళ్లేలా మార్పించండి. అక్షరదోషాలు పట్టే ఉత్సాహవంతులు ప్రతి క్లాసులోనూ ఉంటారు. "ఈ రౌండులో దోషాలు మనకి కనపడవు" అని ముందే చెప్పాలి, లేకపోతే రెండు నోట్లూ దీర్ఘాల లెక్కతోనే నిండిపోతాయి.

నోటుని కట్ట నుంచి కింది అంచు పట్టుకుని పైకి లాగితే వంకర తిరుగుతుంది, అతికించినా ముడుచుకుని రాలిపోతుంది. పక్కనుంచి లాగాలి. సుద్దపొడి పట్టిన గోడ బోర్డు మీద ఎంత మంచి నోటైనా నిలవదు. నాసిరకం నోట్లు పలచటి నోట్‌బుక్ కాగితాన్ని చింపుకొస్తాయి, కట్టలు కొనేముందు ఒకటి అతికించి చూసుకోండి. వ్యాసం ప్లానుకి కూడా ఇవి భేషుగ్గా ఉంటాయి: నోటుకి ఒక పాయింటు రాసి, బల్ల మీద వరస మార్చి మార్చి చూసుకోవచ్చు. అయిదుకి నాలుగు.

గూగుల్ డాక్స్

ఇది ఆన్‌లైన్‌లో టైపు చేసుకునే, ఒకే ఫైల్లో చాలామంది కలిసి రాయగలిగే సాఫ్ట్‌వేర్. మొదటి చిత్తుకి దీన్ని వాడొద్దు. పరికరాలు తెరవడం, పాస్‌వర్డ్ మర్చిపోవడం, చార్జింగ్ లేకపోవడం, తెలుగు కీబోర్డు వెతుక్కోవడం కలిపి పది నిమిషాలు పోతాయి. ఆ తర్వాత కూడా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పిల్లలు ల, ళ దగ్గర, న, ణ దగ్గర ఆగి ఆగి చూసుకుంటారు, ఆలోచన తెగుతుంది. ఫాంటు ఎంచుకునేవాళ్ల సంగతి సరేసరి. చివరి కలం లెక్కలో ఇది అన్నిటికంటే వెనక. కానీ రెండో చిత్తుకి, తిరగరాతకి దీనికి సాటి లేదు. కాగితం మీద మూడో పేరాని మొదటికి తేవాలంటే మొత్తం మళ్లీ రాయాలి, అందుకే ఏ పిల్లాడూ తేడు. ఇక్కడ రెండు క్లిక్కులు.

పిల్లలకి ఆన్‌లైన్‌లో పని పంపే గూగుల్ క్లాస్‌రూమ్ ద్వారా ఇస్తుంటే ఒక్క చోట జాగ్రత్త. ఫైలు జోడించాక మూడు ఎంపికలు కనిపిస్తాయి: విద్యార్థులు చూడొచ్చు, విద్యార్థులు మార్చొచ్చు, ప్రతి విద్యార్థికి ఒక కాపీ. మూడోదాన్ని అసైన్‌మెంట్ పంపకముందే ఎంచుకోవాలి. పంపేశాక కాపీ ఎంపికకి మారడం కుదరదు, తీసేసి మళ్లీ ఇవ్వాల్సిందే. పొరపాటున రెండోది ఎంచుకుంటే 36 మందీ ఒకే ఫైల్లో దిగుతారు. ఎవరో ఒకరు మొత్తం సెలెక్ట్ చేసి డిలీట్ నొక్కుతారు, ఇది జరిగి తీరుతుంది. ఫైలు పాత రూపాలన్నీ దాచి ఉంచే వర్షన్ హిస్టరీలోకి వెళ్లి పాత రూపాన్ని తిరిగి తేవచ్చు గానీ, ఆ తర్వాత మిగతావాళ్లు రాసింది కూడా దాంతోపాటే వెనక్కి పోతుంది. కావాలనే ఒకే ఫైల్లో రాయిస్తుంటే 36 వరసల పట్టిక వేసి, మొదటి గడిలో పేర్లు ముందే కొట్టి ఉంచండి. ఎవరి గడిలో వాళ్లు రాస్తారు, పక్కవాళ్లవి చదువుతారు. ఒక ఫైల్లో ఒకేసారి 100 మంది దాకా రాయొచ్చు కాబట్టి సంఖ్యతో ఇబ్బంది లేదు.

టీచర్లు ఎక్కువగా మోసపోయేది సజెషన్ మోడ్ దగ్గర, అంటే మార్పుని నేరుగా చెయ్యకుండా సూచనగా పెట్టే పద్ధతి దగ్గర. అరగంట కూర్చుని 20 సవరణలు సూచిస్తారు. పిల్లాడు వచ్చి టిక్కు, టిక్కు, టిక్కు కొట్టుకుంటూ 20 సెకన్లలో అన్నిటికీ సరే అంటాడు. చదివింది సున్నా. సవరణలు మానేసి కామెంట్లు పెట్టండి. మూడే పెట్టండి, మూడూ ప్రశ్నలుగా పెట్టండి. "ఇక్కడ వర్ణన పెంచు" అంటే పిల్లాడు "చాలా అందమైన" అని రెండు మాటలు తగిలిస్తాడు. "తలుపు తీయగానే ముందు ఏ వాసన వచ్చింది?" అంటే ఒక వాక్యం పుడుతుంది. కామెంటు మూసేముందు కింద ఏం మార్చాడో ఒక ముక్క రాయాలన్నది నియమం. మూసిన కామెంట్లు మాయమైపోవు, కామెంట్ల చరిత్రలో ఉంటాయి, కాబట్టి తనిఖీ చెయ్యడం తేలిక. సజెషన్ మోడ్‌ని పిల్లలకి వదిలేయండి. ఒకరి పేరాని ఒకరు దానిలో సవరిస్తే, ఒప్పుకోవాలా వద్దా అని వాళ్లు పోట్లాడుకుంటారు. ఆ పోట్లాట మంచిది.

రంగుల పని కూడా ఒకటుంది, వాదన రాయించే వ్యాసాలకి. పిల్లల చేత తమ వ్యాసంలోనే తమ అభిప్రాయాలకి పసుపు, కారణాలకి ఆకుపచ్చ, ఉదాహరణలకి నీలం హైలైట్ పెట్టించండి. పేజీ అంతా పసుపుపచ్చగా మారిపోయిన పిల్లాడికి ఇక "ఆధారాలు ఏవి?" అని ఎవరూ చెప్పక్కర్లేదు. వేరే ఏ దిద్దుబాటూ ఇంత త్వరగా ఎక్కదు.

వర్షన్ హిస్టరీని పోలీసు పనికి వాడాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. మూడు వందల మాటలు ఒక్క నిమిషంలో ఊడిపడితే ఎక్కడినుంచో పేస్ట్ అయిందని తెలుస్తుంది, నిజమే. కానీ ఆ పిల్లాడు ఫోన్ నోట్స్‌లో తానే రాసుకుని తెచ్చి ఉండొచ్చు. తానే టైపు చేసినట్టు కనిపించే రాత కూడా పక్క తెరలోని ఏఐ జవాబుని చూసి కొట్టింది కావచ్చు. అది అనుమానానికి ఆధారం, నేరానికి కాదు. ఆ వ్యాసంలో ఒక వాక్యం చూపించి "దీన్ని ఇక్కడ ఎందుకు పెట్టావు?" అని అడిగితే అంతకంటే త్వరగా తేలిపోతుంది. హిస్టరీకి మంచి వాడకం వేరే: మొదటి చిత్తు, ఇప్పటి రూపం పక్కపక్కన చూసుకుని, తాను చేసిన మార్పుల్లో ఒకదాని గురించి రెండు వాక్యాలు రాయమనడం.

మొదలుపెట్టడానికి అయిదుకి రెండు, తిరగరాతకి నాలుగున్నర. సగటు తీయడంలో అర్థం లేదు, రెండూ వేరు వేరు పనులు.

ప్యాడ్‌లెట్

2008లో వాల్‌విషర్ అన్న పేరుతో మొదలైన ఆన్‌లైన్ గోడ. అందరూ ఒకే తెర మీద చీటీలు అతికిస్తారు. చూడ్డానికి కళకళలాడుతుంది. మొదటి చిక్కు పేర్లు లేకపోవడం: లాగిన్ లేకుండా రాయనిస్తే మూడో నిమిషానికి వెక్కిరింతలు మొదలవుతాయి. పోస్టులు టీచరు ఒప్పుకున్నాకే కనపడే సెట్టింగు ఉంది, మొదట అదే పెట్టండి. రెండోది, 36 చీటీలు పడతాయి, ఎవరూ ఎవరిదీ చదవరు. ప్రతి ఒక్కరూ తమ చీటీ తర్వాత పడ్డ చీటీకి జవాబు రాయాలని చెబితే తప్ప అది చదవని గోడే. లైకులు ఆపేయండి, లేకపోతే రాత పోటీ కాస్తా స్నేహితుల లెక్క అవుతుంది. ఉచిత ఖాతాలో గోడల సంఖ్యకి పరిమితి ఉంది. ఇంటినుంచి చదివే పిల్లలున్న క్లాసుకైతే మూడు, అందరూ ఒకే గదిలో ఉంటే రెండు. ఒకే గదిలో ఉన్నప్పుడు స్టికీ నోట్లుండగా ఇదెందుకు?

టైమర్

అంకెలు తిరిగే టైమర్ కంటే, రంగు పళ్లెం తగ్గుతూ పోయే రకం చిన్న పిల్లలకి బాగా అందుతుంది. "ఇంకా 4 నిమిషాల 20 సెకన్లు" అన్నది వాళ్లకి మాట మాత్రమే, పళ్లెంలో ఇంకా ఎంత ఎరుపు మిగిలిందో మాత్రం కనిపిస్తుంది. పెద్ద క్లాసులకి ఏ టైమరైనా ఒకటే. మొదట్లో మూడు నిమిషాలు పెట్టి, వారానికి ఒక నిమిషం పెంచుకుంటూ పోవాలి. మొదటి రోజే పదిహేను పెడితే ఏడో నిమిషానికి మళ్లీ పెన్సిలు చెక్కుళ్లే. ఆ మూడు నిమిషాలూ టీచరు కూడా కూర్చుని రాయాలి. బల్లల మధ్య తిరిగితే తిరిగినచోటల్లా కలాలు ఆగుతాయి.

మోగాక ఒక పని చేయించండి. వాక్యం పూర్తి చేయనివ్వకండి, ఎక్కడున్నవాళ్లు అక్కడే, సగం వాక్యంలో, కలం కింద పెట్టాలి. మొదటిసారి "టీచర్, ఒక్క నిమిషం" అని గోల చేస్తారు. మర్నాడు నోట్‌బుక్ తెరిచేసరికి "అప్పుడు తలుపు దగ్గర" అని తెగిపోయిన వాక్యం ఎదురుచూస్తూ ఉంటుంది. తేదీ వెయ్యడం కూడా మర్చిపోయి దాన్ని పూర్తిచేస్తారు.